శనివారం పొద్దున దానికి ఆకలి ఉండదు

ప్రశ్న: మా పన్నెండేళ్ల అబ్బాయి పోరు పడలేక రెండు నెలల కిందట బాల్ పైథాన్ (చిన్న జాతి కొండచిలువ) పిల్లను తెచ్చాం. మొదట రెండుసార్లు ఎలుకను తింది. మూడు వారాలుగా ముట్టడం లేదు. ప్రతి శనివారం పొద్దున్నే పట్టకారుతో మూతి దగ్గర పెడుతుంటే బంతిలా ముడుచుకుపోతోంది. వాడికి ఒకటే టెన్షన్. ఊరి నుంచి వచ్చిన మా అత్తగారేమో గిన్నెలో పాలు పెట్టమంటున్నారు. దానికి ఆకలేస్తోందని ఎలా తెలుస్తుంది?
– ఒక తల్లి, డాలస్

జవాబు: పాలు వద్దని అత్తగారికి నెమ్మదిగా చెప్పండమ్మా. నాగుల చవితికి పుట్టలో పోస్తాం గానీ, పాలు పాముల తిండి కాదు. శుభ్రమైన నీళ్లుంటే చాలు.

మీ ఉత్తరంలో నన్ను ఆపింది ‘శనివారం పొద్దున్నే’ అన్న మాట. ఆ వేళ మీకు తీరిక, దానికి నిద్ర. ఘానా, టోగో, బెనిన్ వైపు ఈ పాములు పగలంతా బొరియల్లో పడుకుని చీకటి పడ్డాకే వేటకు దిగుతాయి.

మా బాల్ పైథాన్ సుబ్బులు పదకొండేళ్లుగా మాతోనే ఉంది. ఆకలేసిన రోజు రాత్రి తొమ్మిది దాటాక గూట్లోంచి తల మాత్రం బయటపెట్టి, అరుగు మీద కూర్చున్న ముసలమ్మలా కదలకుండా ఉంటుంది. నేను అటూ ఇటూ నడిస్తే తల మెల్లగా నా వెంట తిరుగుతుంది. ఎలుక వాసన తగలగానే నాలుక ఆడించడం జోరందుకుంటుంది. మెడ ఎస్ ఆకారంలో వెనక్కి లాగిందంటే ఇక రెప్పపాటే. భయపడ్డ పాము కూడా మెడ అలాగే మడుస్తుంది, అక్కడే చాలామంది పొరబడతారు. భయంలో ఒళ్లంతా వెనక్కి జరుగుతుంది, బుస కొడుతుంది, లేదా మీ పాము పిల్లలా తలను చుట్టల మధ్య దాచేస్తుంది. అలా దాచుకుంటే ఎలుకను తీసేయండి.

రాత్రంతా అద్దం వెంబడి తిరిగితే ఆకలే అనుకోకండి. మొదటి ఏడాది నేనలాగే అనుకుని ఎలుక మీద ఎలుక చూపించాను. తీరా చూస్తే హీట్ మ్యాట్ పాడైంది, అది తిరిగేది వెచ్చదనం కోసం. వేడి లేకపోతే తిన్నది అరగదు, అందుకే నోరు తెరవదు. పెట్టెలో ఒక వైపు 90 డిగ్రీల ఫారెన్‌హీట్, రెండో వైపు 78 దాకా ఉందో లేదో థర్మామీటర్‌తో చూడండి.

కళ్లు నీలంగా మసకబారితే కుబుసం విడిచేదాకా పెట్టకండి. అది తినడం మానేసే రోజులవి.

ఇప్పుడు చేయాల్సింది: వారం రోజులు దాన్ని పట్టుకోవద్దని అబ్బాయికి చెప్పండి. తర్వాత ఒక రాత్రి, పాము ఒంట్లో అన్నిటికన్నా లావుగా ఉన్న చోటు ఎంతుందో అంత లావు ఎలుకను ఎంచుకోండి. ఫ్రీజర్‌లో గడ్డకట్టిన ఎలుకను ముందురోజే ఫ్రిజ్‌లో కరగనివ్వండి. కవర్‌లో పెట్టి వేడినీళ్లలో ఉంచి వెచ్చబెట్టండి. మైక్రోవేవ్ జోలికి పోవద్దు. పై పెదవి మీద గుంటలతో అది వేడిని పసిగడుతుంది, చల్లటి ఎలుక దానికి ఎలుకే కాదు. లైటు తగ్గించి, పొడుగు పట్టకారుతో కాస్త కదిలించండి. తినకపోతే పారేసి మరో వారం ఆగండి. తింటే రెండు రోజులు చేతిలోకి తీసుకోవద్దు.

ఆకలి కన్నా బరువు మీద కన్నేయండి. సుబ్బులు ఒక చలికాలం నాలుగు నెలలు ఉపవాసముండి, 1620 గ్రాముల నుంచి 1575కి దిగింది. అంతే. పెద్దది కాబట్టి తట్టుకుంది. మీది పిల్ల. పదో వంతు బరువు తగ్గినా, నోరు తెరిచి ఊపిరి తీసినా, ముక్కు దగ్గర బుడగలు కనిపించినా పాములను చూసే వెటర్నరీ డాక్టర్ దగ్గరికి వెంటనే వెళ్లండి.

ఇంకొకటి, ఫ్రీజర్‌లో ఎలుకల కవర్ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. మా ఇంటికి భోజనానికి వచ్చిన ఒకాయన ఐస్‌క్రీమ్ తానే తెచ్చుకుంటానని లేచారు. ఆయన మళ్లీ రాలేదు.