ఆక్టేవియా పవర్ పెంచాలనుకుంటున్న అల్లుడికి

అల్లుడూ,

నీ స్కోడా ఆక్టేవియాకు రీమ్యాప్, అంటే ఇంజన్ కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ మార్పించడం, చేయిస్తానని మెసేజ్ పెట్టావు కదా, రెండు గంటల్లో పనైపోతుందట, నలభై యాభై హార్స్‌పవర్ పెరుగుతుందట అని. పెరుగుతుంది, అందులో అబద్ధం లేదు. అయితే ఆ బండిలోనే నువ్వు రోజూ హన్మకొండ నుంచి జనగామకు డ్యూటీకి పోయి రావాలి, పండుగొస్తే మీ అమ్మానాన్నలను ఊరికి తీసుకుపోయేదీ అదే, ఇంట్లో రెండో కారు లేదు. ఆటోనగర్‌లో ఇన్నేళ్లు షెడ్డు నడిపినవాణ్ని, నీకు చెప్పకపోతే ఇంకెవరికి చెబుతాను. కొంచెం పెద్దగానే రాస్తున్నా, తీరిగ్గా చదువు.

నీ మనసంతా ఫోర్డ్ మస్టాంగ్ మీద ఉందని నాకు తెలుసు. దాని ఐదు లీటర్ల వీ8 ఇంజన్‌కు టర్బో (గాలిని ఒత్తి లోపలికి నెట్టేది) ఉండదు, ఇంజన్ తనంతట తానే గాలి పీల్చుకోవాలి, అందుకే ఒట్టి సాఫ్ట్‌వేర్ మారిస్తే వచ్చేది తక్కువ. గట్టిగా పెంచాలంటే క్యామ్‌షాఫ్ట్‌లు, హెడర్లు మార్చాలి, లేదంటే సూపర్‌చార్జర్ పెట్టాలి. నీ 1.8 టీఎస్ఐకి టర్బో ఉంది కాబట్టి కంప్యూటర్‌లో బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి), ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ పడే సమయం), పెట్రోలు లెక్క మారిస్తే చాలు, పవర్ వచ్చేస్తుంది. అంత సులువుగా వస్తుంది కాబట్టే జాగ్రత్త కావాలంటున్నా. ఆ ఇంజన్ గట్టిది, తట్టుకుంటుంది. తట్టుకోలేనిది దానికి తగిలించిన గేర్‌బాక్స్.

నీ దాంట్లో ఉన్నది ఏడు గేర్ల డీఎస్‌జీ, అంటే రెండు క్లచ్చులతో తనంతట తానే గేర్లు మార్చుకునే గేర్‌బాక్స్, డీక్యూ200 అంటారు. క్లచ్చులు రెండూ ఆయిల్‌లో మునగకుండా పొడిగా పనిచేసే రకం. దాన్ని తయారుచేసిందే 250 న్యూటన్ మీటర్ల టార్క్ (ఇంజన్ తిప్పే బలం) వరకు. మరి నీ బండికి కంపెనీ ఇచ్చింది ఎంత? 180 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలతే) పవర్, 250 న్యూటన్ మీటర్ల టార్క్. అంటే కంపెనీవాళ్లే గేర్‌బాక్స్ హద్దు దాకా వచ్చి ఆగారు. స్టేజ్ 1 అని మామూలుగా ఎక్కించే సాఫ్ట్‌వేర్ ఫైలు ఆ టార్క్‌ను 300 దాటిస్తుంది. మన షెడ్డుకు ఇదే గేర్‌బాక్స్ ఉన్న బండి ఒకటి వచ్చింది, ఎక్కడో రీమ్యాప్ చేయించుకున్నాడు పిల్లోడు. హైవే మీద బ్రహ్మాండంగా పోయిందట. కాజీపేట ఫాతిమానగర్ బ్రిడ్జి దగ్గర జామ్‌లో ఇరుక్కున్న రోజు మొదలైంది, ఒకటో గేర్ నుంచి రెండుకు పడేటప్పుడు బండంతా వణుకు, ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) లేస్తోంది కానీ స్పీడు రావట్లేదు, లోపలికి కాలిన వాసన. దించి చూస్తే క్లచ్చులోని ప్రెషర్ ప్లేట్ వేడికి నీలం తిరిగి ఉంది. క్లచ్ ప్యాక్ ఖర్చు చూసి ఆ పిల్లోడు కూలబడ్డాడు.

అందుకని పవర్ వద్దా అంటే, వద్దనను. కాకపోతే ఏం అడగాలో తెలుసుకుని అడుగు. పవర్ అంటే టార్క్‌ను ఆర్‌పీఎంతో గుణించి 7023తో భాగిస్తే వచ్చే లెక్క, అంతే. 250ని 5100తో గుణించి భాగించి చూడు, 181 పీఎస్ వస్తుంది, నీ బండి ఇప్పుడున్నది అదే. ఆ 250 టార్క్‌నే 6000 ఆర్‌పీఎం దాకా పడిపోకుండా నిలబెట్టగలిగితే 213 పీఎస్ అవుతుంది. క్లచ్చు మీద ఒక్క న్యూటన్ మీటరు అదనపు భారం పడకుండా ముప్పై పైన పెరిగినట్టు! ట్యూనర్ (రీమ్యాప్ చేసేవాడు) దగ్గరికి పోయి ఈ మాటే చెప్పు, కింద ఆర్‌పీఎంలో టార్క్ పెంచొద్దు, 250 దగ్గరే పట్టి ఉంచు, పైన ఎంత వీలైతే అంత సాగదీయి అని. పెడల్ తొక్కగానే సీటుకు అతుక్కుపోయే ఊపు రాదు దీంట్లో, అది ముందే ఒప్పుకో. రఘునాథపల్లి దాటాక గ్రానైట్ లారీని ఓవర్‌టేక్ చేసేటప్పుడు మాత్రం బండి ఊపిరి తెగకుండా లాగుతుంది, రోజూ తిరిగే మనిషికి కావాల్సింది అదే. ఇలా చేయడం కుదరదు, మా దగ్గర రెడీమేడ్ ఫైలే ఉంది అంటే మారు మాట్లాడకుండా లేచి వచ్చేయ్. డైనో (పవర్ కొలిచే మిషన్) మీద ముందొకసారి, తర్వాత ఒకసారి, ఒకే మిషన్ మీద ఒకే రోజు కొలిపించు. చక్రాల దగ్గర కొలిచేది ఇంజన్ దగ్గరి లెక్క కంటే ఎప్పుడూ తక్కువే ఉంటుంది, అది చూసి మోసపోయానని కంగారుపడకు.

ఫైలు కంటే ముందు బండి ఆరోగ్యం. సెకండ్ హ్యాండ్‌లో కొన్నావు, ముందున్నవాడు ఎట్లా తోలాడో ఎవరికి తెలుసు. నాలుగు సిలిండర్ల కంప్రెషన్ (లోపలి ఒత్తిడి) చూడాలి, ఒకదానికి ఒకటి పది శాతం కంటే తేడా ఉంటే రీమ్యాప్ మాట ఎత్తొద్దు. ఆయిల్ తాగుతుందా లేదా వెయ్యి కిలోమీటర్లు డిప్‌స్టిక్ చూసుకుంటూ నడుపు. వాటర్ పంపు, థర్మోస్టాట్ కలిసి ఉండే ప్లాస్టిక్ హౌసింగ్ ఈ ఇంజన్లలో కారుతుంది, కూలెంట్ ఆనవాళ్లు కనబడితే మారుద్దాం. ఇక ప్లగ్గులు. ప్లగ్గు చూస్తే ఇంజన్ లోపల ఏం జరుగుతోందో సగం తెలిసిపోతుంది. తెల్లటి పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు సన్నటి నల్ల చుక్కలు ఉన్నాయంటే ఇంజన్ నాక్ అవుతోందని, అంటే లోపల పెట్రోలు అదుపు లేకుండా పేలుతోందని అర్థం, ఆ చుక్కల్లో మెరుపు కనబడితే పిస్టన్ అల్యూమినియం కరుగుతోందన్న మాట, ఇంక దాన్ని ముట్టుకోవద్దు. బాగున్నా సరే ట్యూనింగ్‌కు ముందు కొత్తవి వేద్దాం, బూస్ట్ పెరిగితే గ్యాప్ కొంచెం తగ్గించాలి, లేకపోతే స్పార్క్ ఆరిపోయి బండి తుమ్ముతుంది.

మన ఎండల సంగతి వేరే చెప్పాలా. మే నెలలో వరంగల్‌లో 44, 45 డిగ్రీలు. వేడి గాలి పలుచగా ఉంటుంది, నాకింగ్ త్వరగా వస్తుంది, కంప్యూటర్ అది పసిగట్టి టైమింగ్ వెనక్కి లాగేస్తుంది, అప్పుడు డిసెంబర్‌లో డైనో మీద చూపించిన పవర్ మేలో ఉండదు. అందుకే ఫైలు ఎండాకాలంలో, మధ్యాహ్నం పూట పరీక్షించినదై ఉండాలి. పెట్రోలు విషయం కూడా ఇంతే. హైదరాబాద్‌లో నాకింగ్‌ను బాగా ఆపే వంద ఆక్టేన్ పెట్రోలు కొట్టించి ట్యూన్ చేసి ఇస్తారు, నువ్వు పోయించుకునేది సుబేదారిలోని బంకులో మామూలుది. ఇక్కడ దొరికే పెట్రోలుకే ఫైలు రాయమను. నీది ఇథనాల్ 20 శాతం రాకముందు తయారైన బండి, కాబట్టి పెట్రోలు పైపులు, రబ్బరు సీళ్లు సర్వీసుకొచ్చినప్పుడల్లా నేనే చూస్తాను, నువ్వు ఆ టెన్షన్ పెట్టుకోకు.

ఓపెన్ ఎయిర్ ఫిల్టర్ వద్దు. కంపెనీ బాక్సు ముందు నుంచి చల్ల గాలి తీసుకుంటుంది, ఆ ఓపెన్‌ది ట్రాఫిక్‌లో ఇంజన్ వేడినే పీలుస్తుంది, పైగా మన రోడ్ల దుమ్ము. పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేయిస్తానంటే నేను ఒప్పుకోను, దాని వెనక నడిచేవాళ్లు పీల్చేది ఆ పొగే. చట్టం కూడా చూసుకో. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో రాసిన వివరాలు కంపెనీ ఇచ్చినవాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, 2019 సవరణ తర్వాత అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పెట్టారు. కాబట్టి ఏ పని చేయించినా ముందు ఆర్టీఏ ఆఫీసులో అడుగు, ఇన్సూరెన్స్ వాళ్లకు రాతపూర్వకంగా చెప్పు. చెప్పకుండా దాచి, రేపు ఏదైనా జరిగితే క్లెయిమ్ ఆగిపోయి ఇల్లు అమ్ముకునే పరిస్థితి రావొచ్చు, మీ నాన్న ముఖం నేను చూడలేను.

డబ్బు మొదట పెట్టాల్సింది బ్రేకుల మీద, టైర్ల మీద. కోతల టైమ్‌లో మన రోడ్ల సంగతి నీకు తెలియంది కాదు, సగం రోడ్డు దాకా వడ్లు, మక్కలు ఆరబోసి చీకట్లో రాళ్లు అడ్డం పెడతారు, వెనక లైటు లేని ట్రాక్టర్లు సరే సరి. ముప్పై పీఎస్ పెరిగిన బండి అక్కడికి ఇంకా తొందరగా చేరుతుంది, ఆపడం మాత్రం పాత బ్రేకులే ఆపాలి. బ్రేక్ ఆయిల్ తేమ పీలుస్తుంది, రెండేళ్లు దాటితే మార్చాల్సిందే. మంచి ప్యాడ్లు వేద్దాం, టైర్లు నాలుగూ ఒకే కంపెనీవి కొత్తవి వేయించు. ఇవి అయ్యాకే ట్యూనర్‌కు ఫోన్ చెయ్యి.

చేయించాక నడిపే తీరు మారాలి. పెద్ద గేర్‌లో 1500 ఆర్‌పీఎం దగ్గర పెడల్ పూర్తిగా తొక్కొద్దు, టర్బో ఉన్న డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్‌ను పాడుచేసేది ఆ అలవాటే, గేర్ దించి తొక్కు. జామ్‌లో అంగుళం అంగుళం పాకించకు, ముందు బండి కాస్త జరిగేదాకా ఆగి, బ్రేక్ గట్టిగా నొక్కి పెట్టు, అప్పుడు క్లచ్చు పూర్తిగా విడిపోయి చల్లగా ఉంటుంది. ఆయిల్ 15,000 దాకా ఆగకుండా ఏడెనిమిది వేలకే మార్చేద్దాం. ఫైలు ఎక్కించిన వారం లోపు కోమల్ల టోల్ గేట్ దాటాక ఖాళీ రోడ్డు మీద ఒక లాగ్ (బండి కంప్యూటర్ రికార్డు) తీసి పంపు, నాక్ రిటార్డ్ (నాక్ వల్ల టైమింగ్ ఎంత వెనక్కి పోయిందో), లోపలికి పోయే గాలి వేడి, అడిగిన బూస్ట్, వచ్చిన బూస్ట్, క్లచ్చు టెంపరేచర్, ఇవన్నీ ఉండాలి. పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకో, నడుపుతూ ఫోన్ చూడకు.

ప్లగ్గులు చల్లారిన ఇంజన్ మీదే విప్పాలి, హెడ్ అల్యూమినియంది, వేడి మీద విప్పితే మరలు లేచిపోతాయి. శనివారం రాత్రే బండి తెచ్చి షెడ్డులో పెట్టి, నా స్కూటర్ తీసుకుని ఇంటికి పో. ఆదివారం పొద్దున్నే నువ్వు వచ్చాక ఇద్దరం కలిసి విప్పుదాం.

మీ మామ