ఆల్ఫా రోమియో జూలియా కారు కొంటానంటున్న కార్తీక్‌కి పెదనాన్న ఉత్తరం

నొవై, మిషిగన్
2018 ఏప్రిల్

చి. కార్తీక్‌కి,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు పంపిన మెసేజీలన్నీ వరసగా చదివాను. నలుగురు స్నేహితులూ కలిసి ఇన్ని వారాలుగా కొట్టుకుంటున్నారు గానీ, మీలో ఏ ఇద్దరూ ఒకే కారు గురించి మాట్లాడటం లేదురా. నువ్వు ఆల్ఫా రోమియో జూలియా అన్నప్పుడల్లా నీ మనసులో ఉండేది దాని రేసు రకం, ఎర్రటి క్వాడ్రిఫోలియో. నువ్వు సంతకం పెట్టబోయేది మాత్రం మామూలు రకం, టూ లీటర్ టీఐ మీద. మీ బీఎండబ్ల్యూ కుర్రాడు ఎం3 గొప్పలన్నీ ఏకరువు పెడతాడు, అతను రోజూ నడిపేది 330ఐ. ఇలాగైతే తెల్లవార్లూ వాదించుకున్నా ఏదీ తేలదు.

ముందు జోడీలు సరిచేసుకోండి. క్వాడ్రిఫోలియోది 2.9 లీటర్ల వీ6, రెండు టర్బోలు, అమెరికా లెక్కలో 505 హార్స్‌పవర్, ధర 72 వేల డాలర్ల పైమాటే. దానికి ఎదురు నిలిచేవి 425 హార్స్‌పవర్ ఎం3, 503 హార్స్‌పవర్ వీ8 ఉన్న బెంజ్ ఏఎంజీ సీ63 ఎస్. నువ్వు కొనేదానికి నాలుగు సిలిండర్లు, 280 హార్స్‌పవర్. దాని సరిజోడు 330ఐ (248), బెంజ్ సీ300 (241), ఆడి ఏ4 (252). ఈ వరసలో బలం జూలియాదే, అనుమానం లేదు. అందరికీ తెలిసిన ఈ అంకె మీద ఒక పూట కూడా వృథా చెయ్యనక్కర్లేదు.

ఇక నువ్వు గొప్పగా చెప్పే ఆ 7 నిమిషాల 32 సెకన్ల రికార్డు సంగతి. 2016లో జర్మనీలోని నూర్బర్గ్‌రింగ్ రేసు ట్రాక్ మీద ఒక చుట్టుకి క్వాడ్రిఫోలియో ఆ టైము కొట్టినమాట నిజం, నడిపింది ఆల్ఫా టెస్ట్ డ్రైవరు ఫాబియో ఫ్రాంచా. కానీ 2017 నవంబరులో జాగ్వార్ ఎక్స్‌ఈ ఎస్వీ ప్రాజెక్ట్ 8 దాన్ని 7 నిమిషాల 21 సెకన్లకి దించేసింది. జాగ్వార్ ఎవరిదో తెలుసుగా, మన టాటా వాళ్లది. రికార్డు చూసే కొనాలంటే ఇప్పుడు నువ్వు టాటా వాళ్ల జాగ్వార్ కొనాలి, అది చేసేదే 300 బండ్లు. అయినా ఫ్రిస్కో నుంచి ప్లానోలో నీ ఆఫీసుకి వెళ్లే దారిలో అలాంటి మలుపు ఒక్కటైనా ఉందా? గీత గీసినట్టుండే టోల్‌వేలే గదా!

"అది ఫెరారీ ఇంజినే" అని కూడా రాశావు. అంత మాట అనకు, సగం నిజానికి మొత్తం పరువు పోతుంది. క్వాడ్రిఫోలియో వీ6 సిలిండరు కొలతలు, ఫెరారీ కాలిఫోర్నియా టీ వీ8 సిలిండరు కొలతలు ఒకటే: 86.5 మిల్లీమీటర్ల బోరు (సిలిండరు వెడల్పు), 82 మిల్లీమీటర్ల స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం). ఆ ఫెరారీ ఎనిమిది సిలిండర్ల 3,855 సీసీని ఎనిమిదితో భాగించి ఆరుతో గుణించి చూడు, 2,891 వస్తుంది, అదే క్వాడ్రిఫోలియో ఆరు సిలిండర్ల ఇంజిను. బండి రూపకల్పనకి పెద్ద దిక్కైన ఫిలిప్ క్రీఫ్ కూడా ఫెరారీలో పనిచేసి వచ్చినవాడే. చుట్టరికం ఉంది, కాదనను. నువ్వు కొనే నాలుగు సిలిండర్ల ఇంజినుకి మాత్రం ఆ చుట్టరికమూ లేదు.

మరి నీ బండికి పెద్దబండి క్వాడ్రిఫోలియో నుంచి ఏం దక్కింది? అసలు విషయం ఇక్కడుంది, మీ వాదనలో ఒక్కడూ ఎత్తలేదు. వెనక చక్రాలకి శక్తిని మోసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టు టీఐలో కూడా కార్బన్ ఫైబరే. ముందు సస్పెన్షన్ అల్యూమినియం డబుల్ విష్‌బోన్, అంటే చక్రాన్ని పైనా కిందా రెండు చేతులతో పట్టే అమరిక. 330ఐ లాంటి బీఎండబ్ల్యూ 3 సిరీస్‌లో ముందువైపు ఉండేది స్ట్రట్, దానికి పై చెయ్యి ఉండదు. మలుపులో బండి పక్కకి ఒరిగినప్పుడు డబుల్ విష్‌బోన్ చక్రాన్ని రోడ్డు మీద నిటారుగా, టైరు పూర్తిగా ఆనేట్టు పట్టుకోగలదు. స్ట్రట్‌కి ఆ వెసులుబాటు తక్కువ. స్టీరింగ్ నిష్పత్తి 11.8కి 1. అంటే చెయ్యి కాస్త కదిపితే చక్రం బాగా తిరుగుతుంది. మొదటి రోజు లేన్ మారేటప్పుడు నీకు తెలియకుండానే ఎక్కువ తిప్పేస్తావు, భయపడకు, వారంలో చేతికి అలవాటైపోతుంది. ఆ తర్వాత మిగతా సెడాన్లు నడిపితే లారీ తిప్పుతున్నట్టుంటుంది. నడిపే సుఖంలో ఈ తరగతిలో జూలియానే ముందు. గత నవంబరులో మోటార్ ట్రెండ్ పత్రిక 2018 కార్ ఆఫ్ ద ఇయర్ దీనికి ఊరికే ఇవ్వలేదు.

నడపడం ఒకటి, ఇంట్లో పెట్టుకుని పోషించడం ఒకటి. నీకు రెండూ కావాలి. కాబట్టి టెస్ట్ డ్రైవ్‌ని ఎలా చెయ్యాలో చెప్తాను, ఇది నా పనే కనక వివరంగా చెప్తాను.

సేల్స్‌మన్ నిన్ను హైవే ఎక్కించి "తొక్కండి సార్" అంటాడు. తొక్కు, సరదా తీరనీ. ఆ తర్వాత వెనక్కొచ్చి పార్కింగ్ స్థలంలో నడక వేగంతో ఐదు నిమిషాలు తిప్పు. ఈ బండిలో బ్రేకులు మామూలువి కావు. కాంటినెంటల్ కంపెనీ ఎంకే సీ1 అనే సిస్టమ్, మొట్టమొదట వాడింది జూలియాలోనే. మామూలు పరిస్థితిలో నీ పాదానికీ చక్రం దగ్గరి బ్రేకుకీ మధ్య నేరుగా సంబంధం ఉండదు. పెడల్‌ని ఎంత నొక్కావో సెన్సర్ చూస్తుంది, ఎలక్ట్రిక్ మోటారు ఒత్తిడి పుట్టిస్తుంది, పాదానికి తగిలే ఆ బిగువు వేరే స్ప్రింగు ఇచ్చేది. కరెంటు పోతే పాత పద్ధతిలో ఆయిల్ ఒత్తిడితో ఆగుతుంది, ఆ భయం వద్దు. పాదం బలాన్ని పెంచే బూస్టరూ, ఏబీఎస్సూ ఒకే డబ్బాలో ఇమిడాయి, బరువు తగ్గింది, ఒత్తిడి ఇదివరకటి కంటే త్వరగా అందుతుంది. ఏళ్ల తరబడి బ్రేకుల మీద పనిచేసినవాడిగా ఈ పనితనానికి దండం పెడతాను. కానీ ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం కదిలేటప్పుడు ఆఖరి క్షణంలో గుప్పున పట్టుకుంటుంది. కొందరికి రెండు రోజుల్లో అలవాటవుతుంది, కొందరికి ఎప్పటికీ కాదు. పక్కన కూర్చున్న స్వాతి తల ముందుకి ఊగుతోందో లేదో చూడు. తను కాఫీ కప్పు పట్టుకుని కూర్చుంటే ఇంకా మంచిది.

అక్కడే స్టీరింగ్ ఒకవైపు పూర్తిగా తిప్పి రివర్స్ తియ్యి. ముందు టైర్లు టకటకమని ఎగిరి జారినట్టనిపిస్తే కంగారుపడకు, రిపేరేం కాదు. వెడల్పాటి సమ్మర్ టైర్లు చల్లగా ఉన్నప్పుడు, ఆ స్టీరింగ్ అమరికకి అలా గెంతుతాయి. మా మిషిగన్ చలిలో బాగా తెలుస్తుంది, మీ టెక్సాస్‌లో జనవరిలో తప్ప పట్టించుకోనక్కర్లేదు. స్పేర్ టైరు ఉందో లేదో కూడా అప్పుడే చూసుకో.

తర్వాత డ్రైవర్ సీటు నీ పొడుగుకి సరిచేసుకుని, దిగి, దాని వెనకే నువ్వు కూర్చో. సేల్స్‌మన్ ముందు సీటుని రహస్యంగా ముందుకి జరుపుతాడు, కన్నేసి ఉంచు. అమ్మా నాన్నా ఈ వేసవికి వస్తున్నారుగా, వాళ్లు కూర్చునేది అక్కడే. డిక్కీ లోపల చోటు బాగానే ఉంది గానీ నోరు చిన్నది. ఎయిరిండియాలో వచ్చే ఆవకాయ సూట్‌కేసులు రెండు పట్టుకెళ్లి ఎక్కించి చూపించమను. నవ్వుతారు, నవ్వనీ.

బీఎండబ్ల్యూ, బెంజ్ కూడా ఇదే దారిలో, ఇదే రోజు నడుపు. 330ఐ స్టీరింగ్ మొద్దుబారిందని పాత భక్తులే ఒప్పుకుంటారు, కానీ దాని ఇంజిను నున్నగా ఉంటుంది. అన్నట్టు జూలియాలోనూ, అందులోనూ ఉండే ఎనిమిది గేర్ల ఆటోమేటిక్ ఒకే జెడ్ఎఫ్ కుటుంబానిది, గేర్‌బాక్స్ మీద వాదన కట్టిపెట్టండి. కొత్త 3 సిరీస్ దగ్గర్లోనే ఉందంటున్నారు కాబట్టి ఇప్పుడున్న మోడల్ మీద బేరం బాగా తెగుతుంది. సీ300 లోపల కూర్చుంటే జూలియా స్క్రీన్ తిప్పే మీట ఎంత వదులుగా ఉందో తెలుస్తుంది. ఏ4లో అన్నీ పొందిగ్గా ఉంటాయి, మనసు మాత్రం కదలదు. ఇది నా అభిప్రాయం, మీ ఆడి స్నేహితుడికి చెప్పకు.

ఇప్పుడు "ఇటలీ బండి అంటే షెడ్డులోనే ఉంటుంది" అనే వాళ్ల సంగతి. విజయవాడలో మీ నాన్న ఏళ్ల తరబడి నడుపుతున్న స్విఫ్ట్ డిజైర్ డీజిల్‌లో ఉన్నది ఇటలీ ఫియట్ వాళ్ల 1.3 మల్టీజెట్ ఇంజిను, ఆ మాట వాళ్లకి చెప్పు. అలాగని వాళ్ల అనుమానాన్ని కొట్టిపారెయ్యకు. ఆల్ఫా 1995లో అమెరికా మార్కెట్ వదిలి వెళ్లిపోయింది. తిరిగొచ్చాక షోరూములు తెరుచుకున్నంత తేలిగ్గా సర్వీసు మెకానిక్కులు తయారవరు. మొదటి ఏడాది జూలియాల్లో ఎలక్ట్రానిక్ తిప్పలు పత్రికల వాళ్ల టెస్టు బండ్లలోనే బయటపడ్డాయి. ఆల్ఫా మాతృసంస్థ ఫియట్ క్రైస్లర్ అధిపతి మార్కియోని 2014 మే నెలలో ఇక్కడే, ఆబర్న్ హిల్స్‌లో నిలబడి, 2018 కల్లా ఏడాదికి 4 లక్షల ఆల్ఫాలు అమ్ముతామన్నాడు. ఆ అంకె దరిదాపుల్లో కూడా లేరు. అమ్మకాలు తక్కువైతే డీలర్లు తక్కువ, డీలర్లు తక్కువైతే పార్టుల నిల్వ తక్కువ. నీకు తగిలేది ఇదే. ఇంజిను పేలిపోవడం లాంటివి జరగవు, చిన్న సెన్సర్ ఒకటి రావడానికి రెండు వారాలు పట్టొచ్చు.

అందుకని శనివారం పొద్దున్నే డీలర్ దగ్గరికి వెళ్లి, ముందు అమ్మకాల వైపు వెళ్లకు. సర్వీస్ కౌంటర్ దగ్గర కుర్చీలో కూర్చో. అక్కడ బండి ఇచ్చి ఎదురుచూసే ఓనర్లని పలకరించు. ఎందుకొచ్చారు, ఎన్నోసారి, రిపేరు అయ్యేదాకా వాడుకోవడానికి లోనర్ కారు ఇచ్చారా, పార్టుకి ఎన్నాళ్లు పట్టింది? కార్లున్నవాళ్లకి తమ కారు గురించి చెప్పుకోవడమంటే ఇష్టం, గంటలో నీకు దొరికే సమాచారం మీ నలుగురి ఏడాది వాదనకి సాటి. సర్వీస్ అడ్వైజర్‌ని ఆల్ఫా పని నేర్చిన మెకానిక్కులు ఎంతమంది ఉన్నారో అడుగు. ఒక్కడే అంటే అతను సెలవు పెట్టిన వారం నీ బండికి కూడా సెలవే.

కొన్నాక చేసే పనుల్లో రెండే రెండు గట్టిగా చెప్తాను. ఈ ఇంజినులో మల్టీఎయిర్ అనే ఏర్పాటు ఉంది, గాలి పీల్చుకునే ఇన్‌టేక్ వాల్వులు తెరుచుకునేది ఇంజిన్ ఆయిల్ ఒత్తిడితోనే. కాబట్టి మాన్యువల్లో రాసిన ఆయిల్ తప్ప మరోటి పొయ్యనివ్వకు, నెలకోసారి లెవెల్ చూసుకో, సర్వీసు గడువు దాటనివ్వకు. రెండోది బ్యాటరీ. వోల్టేజీ కాస్త తగ్గితే చాలు, ఈ బండి డాష్‌బోర్డు మీద సంబంధం లేని లైట్లన్నీ వెలిగించి గోల పెడుతుంది. ఇండియాకి వచ్చినప్పుడు నెలంతా గరాజ్‌లో ఊరికే వదలకుండా బ్యాటరీని నెమ్మదిగా నింపుతూ ఉండే ట్రికిల్ చార్జర్ తగిలించి రా.

కొనాలా, లీజా అని అడిగావు. ఈ బండికి నా ఓటు లీజుకే, మూడేళ్లకి. వారంటీ నాలుగేళ్లు లేదా 50 వేల మైళ్లు, బీఎండబ్ల్యూ, బెంజ్‌లకీ అంతే. వారంటీలోనే మొదలై వారంటీలోనే ముగుస్తుంది, రీసేల్‌లో పడే దెబ్బ లీజు కంపెనీది. కాకపోతే మీ టెక్సాస్‌లో ఒక మెలిక ఉంది. అక్కడ లీజు బండికి కూడా పూర్తి ధర మీద 6.25 శాతం సేల్స్ ట్యాక్స్ పడుతుంది, కంపెనీలు దాన్ని మామూలుగా నీ నెత్తినే వేస్తాయి. మా దగ్గర నెలవారీ కంతు మీదే పడుతుంది. నెలకింత అని వాళ్లు చెప్పే అంకెలో ఆ పన్ను ఉందో, విడిగా వస్తుందో ముందే రాయించుకో. రెసిడ్యువల్ శాతం, అంటే లీజు ముగిసేనాటికి బండికి మిగులుతుందని వాళ్లు లెక్కగట్టే విలువ కూడా అడుగు. అది తక్కువుంటే ధర కాస్త తగ్గించినా కంతు ఎక్కువే ఉంటుంది.

క్వాడ్రిఫోలియో నాలుగాకుల గుర్తు స్టిక్కరు ఆన్‌లైన్‌లో దొరుకుతోందని రాశావు. అది నీ టీఐ మీద అంటించావంటే ఫోన్ ఎత్తను. 1923లో ఆల్ఫా రేసు డ్రైవరు ఉగో సివోచ్చి ఇటలీలోని సిసిలీలో టార్గా ఫ్లోరియో రేసుకి ఆ నాలుగాకులు తన బండి మీద వేయించుకుని గెలిచాడు. అదే ఏడాది సెప్టెంబరులో మోంజా రేసు ట్రాక్‌లో, ఆ గుర్తు వేయని బండి పరీక్షిస్తూ చనిపోయాడు. అందుకే ఆకు వెనక ఉండే తెల్ల చతురస్రాన్ని ఒక మూల తీసేసి త్రిభుజం చేశారు. 280 హార్స్‌పవర్ బండికి దాన్ని అంటించడం మర్యాద కాదు.

శనివారం అన్నీ నడిపాక ఫోన్ చెయ్యి. వాళ్లు నిన్ను ఫైనాన్స్ గదిలోకి పిలవకముందు చెయ్యి, లోపలికి వెళ్లాక టాయిలెట్‌లోంచి చెయ్యకు. ఇన్సూరెన్స్ కొటేషన్ మూడు బండ్లకీ శుక్రవారమే తెప్పించి పెట్టుకో. స్వాతిని అడిగానని చెప్పు.

మీ పెదనాన్న