మల్లిని జర్మనీ తీసుకెళ్లడానికి బంగారం కుదువ పెట్టాలా?

ప్రశ్న: మాది కావలి. మావారికి మ్యూనిక్‌లో ఉద్యోగం వచ్చింది. ఆయన ఫిబ్రవరిలో వెళ్తారు, నేనూ బాబూ జూన్‌లో వెళ్లాలి. మా టికెట్లు కంపెనీ ఇస్తుంది. మా మల్లి అయిదేళ్ల నాటు కుక్క, 17 కిలోలు ఉంటుంది. ఏటా టీకా వేయిస్తున్నాం కానీ మైక్రోచిప్ లేదు. చెన్నైలో ఒక ఏజెంట్ మొత్తం రూ.3.40 లక్షలు అవుతుందని, ఇప్పుడే లక్షన్నర అడ్వాన్స్ కట్టమని అంటున్నారు. సేవింగ్స్‌లో రూ.1.10 లక్షలు, ఎఫ్‌డీలో రూ.4 లక్షలు ఉన్నాయి. లక్ష రూపాయల చీటీలో ఈ నవంబరుతో కలిపి ఇంకా ఏడు నెలలు ఉంది. అది పోను నెలకు ఇరవై వేలు మిగులుతుంది. ఎనిమిది సవర్ల బంగారం ఉంది. బంగారం కుదువ పెట్టాలా, చీటీ పాడాలా, ఎఫ్‌డీ తీసేయాలా? ‘కుక్క కోసం ఇంత ఖర్చా’ అని పెద్దవాళ్లు అంటుంటే చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: పెద్దవాళ్ల మాటకు నొచ్చుకోకండమ్మా. మీరు అప్పుల పాలవుతారేమోనన్నదే వాళ్ల భయం. అప్పు చేయడం లేదని లెక్క వేసి చూపిస్తే సగం మాటలు ఆగిపోతాయి. మల్లిని తీసుకెళ్లాలని మీరు నిర్ణయించుకున్నారు, దాని మంచిచెడ్డల్లోకి నేను వెళ్లను. ఆ నిర్ణయం మీ ఇంటి పొదుపును తినేయకుండా చూడటమే నా పని.

మూడు లక్షల నలభై వేలు ఒకేసారి కావాలనుకోవడం వల్లే మీ ఆలోచన బంగారం దాకా వెళ్లింది. ఈ ఖర్చు ఏడు నెలల మీద పరుచుకుని ఉంది. అందులో పెద్ద భాగం చివరి నెలలోనే వస్తుంది.

ఎలాగో చూడండి. యూరోపియన్ యూనియన్ నిబంధనల ప్రకారం ముందు 15 అంకెల ఐఎస్ఓ మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్) వేయించాలి. ఆ రోజో, ఆ తర్వాతో వేసిన రేబిస్ టీకానే లెక్కలోకి వస్తుంది. చిప్ లేకుండా ఇన్నేళ్లుగా వేయించిన టీకాలు మల్లి ఆరోగ్యానికి మేలు చేశాయి కానీ ఈ ప్రయాణానికి పనికిరావు. టీకా వేశాక కనీసం 30 రోజులకు రక్తం తీసి, యూరోపియన్ యూనియన్ ఆమోదించిన ల్యాబ్‌కు పంపాలి. రేబిస్ యాంటీబాడీలు మిల్లీలీటరుకు 0.5 అంతర్జాతీయ యూనిట్లు, లేదా అంతకంటే ఎక్కువ ఉండాలి. రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు ఆగాలి. మన దేశం నుంచి వెళ్లే కుక్కలకు ఈ మూడు నెలలు తప్పవు, డబ్బు పోసినా తగ్గవు. నవంబరు మొదటి వారంలో చిప్, టీకా అయితే డిసెంబరు రెండో వారంలో రక్తం, మార్చి మధ్యకు గడువు పూర్తి. జూన్ దాకా మీకు బోలెడంత సమయం ఉంది.

‘వీసా రాకముందే పరీక్షకు ఖర్చు పెట్టాలా?’ అని మీకు అనిపించవచ్చు. పెట్టండి. ఒకసారి పాసయిన ఈ పరీక్ష, బూస్టర్ టీకాలు గడువులోపు వేయిస్తూ ఉన్నంత కాలం చెల్లుతుంది. వీసా ఆర్నెల్లు ఆలస్యమైనా ఆ డబ్బు వృథా కాదు. కానీ బూస్టర్ ఒక్క రోజు దాటినా, ప్రీమియం కట్టక పాలసీ ల్యాప్స్ అయినట్టే. మళ్లీ టీకా, మళ్లీ పరీక్ష, మళ్లీ మూడు నెలలు. గడువు తేదీని ఫోన్‌లో పెట్టుకోండి, వంటింటి క్యాలెండర్ మీద కూడా రాయండి.

ఒంగోలు నుంచి నా దగ్గరకు వచ్చిన ఒక కుటుంబం టీకా ముందు వేయించి, పది రోజుల తర్వాత చిప్ వేయించింది. ఆ సంగతి ప్రయాణానికి ముందు బయటపడింది. కుక్కను బంధువుల దగ్గర వదిలి వెళ్లారు. మళ్లీ మొదటి నుంచి అన్నీ చేయించి, ఆయన ఒక్కరే తిరిగి వచ్చి తీసుకెళ్లారు. రానూపోనూ టికెట్టే ఆ పరీక్షకు కొన్ని రెట్లయింది. మీ పశువైద్యుడి చేత సర్టిఫికెట్‌లో చిప్ నంబరు, చిప్ వేసిన తేదీ, టీకా తేదీ, బ్యాచ్ నంబరు రాయించి, అక్కడే నిలబడి అంకెలు సరిచూసుకోండి.

ఇక ఏజెంట్. లక్షన్నర ఇప్పుడు ఇవ్వకండి. చిప్, టీకా మీ ఊళ్లోనో నెల్లూరులోనో మీరే చేయించుకోవచ్చు. రక్త పరీక్ష వరకు విడిగా ఎంతో రాసివ్వమనండి, అంతే కట్టండి. బోను, విమానం ఛార్జీ, చెన్నైలో కేంద్ర ప్రభుత్వ జంతు క్వారంటైన్ కార్యాలయం ఇచ్చే ఆరోగ్య సర్టిఫికెట్, ఏజెంట్ కమిషన్, ఇవన్నీ వేర్వేరు పద్దులుగా అడగండి. మొత్తం ఒకే అంకెగా చెప్పే కొటేషన్‌లో బేరానికి చోటుండదు. మల్లిని కార్గోలో పంపడానికి, మీతో పాటు అదే విమానంలో అదనపు లగేజీ కింద తీసుకెళ్లడానికి మధ్య ఖర్చులో చాలా తేడా ఉంటుంది. ఏ విమానయాన సంస్థ రెండోదానికి ఒప్పుకుంటుందో ముందే కనుక్కోండి. విమానానికి ఇన్ని జంతువులనే పరిమితి ఉంటుంది కాబట్టి మీ టికెట్‌తో పాటే దాని చోటు ఖాయం చేసుకోవాలి. మే, జూన్ ఎండలకు కొన్ని సంస్థలు కుక్కలను తీసుకోవు, అదీ అడగండి. మల్లి లేచి నిలబడి, తిరిగి, పడుకోగలిగినంత బోను కావాలి. దాన్ని రెండు నెలల ముందే కొని ఇంట్లో పెడితే, అది అందులో నిద్రపోవడం అలవాటు చేసుకుంటుంది.

మీవారి పేరు మీద పత్రాలు చేయించవద్దు. కుక్క యజమానితోనో, యజమాని రాసిచ్చిన వ్యక్తితోనో వెళ్లాలి, వేరే వ్యక్తితో వెళ్తే యజమాని కూడా దాని ప్రయాణానికి అయిదు రోజులు అటూఇటూగా ప్రయాణించాలి, అప్పుడే అది పెంపుడు జంతువు లెక్క. ఆయన ఫిబ్రవరిలో వెళ్లిపోయి, మల్లి జూన్‌లో ఆయన పేరు మీద వెళ్తే వ్యాపార సరుకు నిబంధనలు పడతాయి, ఖర్చు పెరుగుతుంది. అన్నీ మీ పేరు మీదే ఉండాలి.

డబ్బు సంగతి. ఇప్పటి చిన్న ఖర్చులకు సేవింగ్స్ చాలు. మిగిలే ఇరవై వేలు డిసెంబరు నుంచి మే దాకా రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే రూ.1.20 లక్షలు. చీటీ పాడకండి. తొందరపడి పాడితే తగ్గింపులో పోయేది మీ డబ్బే. మే నెలలో చివరి చీటీగా తీసుకుంటే కమిషన్ పోను దాదాపు మొత్తం చేతికొస్తుంది, అదీ సరిగ్గా టికెట్, బోను, సర్టిఫికెట్ ఖర్చులు వచ్చే నెల. అయితే అది రిజిస్టరైన చీటీ అయి ఉండాలి. తెలిసినవాళ్లు నడిపే చేతి చీటీ అయితే దాని మీద మల్లి టికెట్ ఆధారపడకూడదు, అప్పుడు మార్చిలోనే పాడేయండి. ఈ మూడూ కలిపితే రూ.3.20 లక్షలు దాటుతుంది. ఏజెంట్ చెప్పిన అంకెకు పదిహేను, ఇరవై వేలు తక్కువ. పద్దులు విడగొట్టి బేరమాడితే ఆ తేడా రాకపోవచ్చు, వచ్చినా మీవారి జీతం ఫిబ్రవరి నుంచి మొదలవుతుంది.

ఎఫ్‌డీని ముట్టుకోకండి. జర్మనీలో ఇంటి అడ్వాన్స్ మూడు నెలల అద్దె దాకా ఉంటుంది, మ్యూనిక్‌లో అద్దెలు ఎక్కువ. మరీ అవసరం పడితే ఎఫ్‌డీ తీసేయకుండా దాని మీదే లోన్ తీసుకోండి. వడ్డీ సాధారణంగా ఎఫ్‌డీ రేటు కంటే ఒకటి, రెండు శాతం ఎక్కువ ఉంటుంది, అదీ వాడుకున్నంత మేరకే. బంగారం బీరువాలోనే ఉండనివ్వండి.

అక్కడికి చేరాక కూడా మల్లికి ఖర్చుంటుంది. మ్యూనిక్ నగరం కుక్కకు ఏడాదికి 100 యూరోల పన్ను వేస్తుంది. అది ఎవరినైనా కరిచినా, ఏదైనా పాడుచేసినా పరిహారం కట్టే బీమా కూడా తీసుకోండి. మీవారు ఇల్లు వెతికేటప్పుడే కుక్క ఉంటుందని చెప్పి, ఇంటి యజమాని ఒప్పుకున్నట్టు రాతలో తీసుకోవాలి. ఇల్లు కుదరకముందు విమానంలో దాని చోటుకు డబ్బు కట్టకండి.

ఈ వారం చేయాల్సింది చిప్, టీకా మాత్రమే. రక్త పరీక్ష రిపోర్టు వచ్చాక, పద్దుల వారీగా ఇంకో ఇద్దరు ఏజెంట్ల కొటేషన్లు కూడా తీసుకుని నాకు పంపండి, చూసి చెబుతాను.