చూసినవాళ్లు లేని చోరీ కేసు: అప్పీలులో ఏం చూడాలి?

ప్రశ్న: మా తమ్ముడు బంజారాహిల్స్‌లో ఒకరింట్లో డ్రైవరుగా చేసేవాడు. 2023లో ఆ ఇంట్లో రెండు బంగారు గాజులు పోయాయి. నలభై రోజుల తర్వాత, బోరబండలో వాడు మరో ఇద్దరితో కలిసి ఉండే గదిలో బియ్యం డబ్బాలో దొరికాయన్నారు. ఫిర్యాదులో నాలుగు తులాలని ఉంది, పంచనామాలో 34 గ్రాములని ఉంది. వాడు తీస్తుండగా చూసినవాళ్లు లేరు. గాజులు ఎలా వచ్చాయో చెప్పలేదు కాబట్టి దోషేనని నాంపల్లి కోర్టు ఏడాది జైలు వేసింది. తప్పు చేయలేదని వాడే రుజువు చేసుకోవాలా?
- ఒక పాఠకురాలు, ఎర్రగడ్డ

జవాబు: అక్కర్లేదమ్మా. రుజువు చేయాల్సింది ప్రాసిక్యూషనే. అయితే ముందు గడువు చూసుకోండి. మేజిస్ట్రేటు తీర్పుపై సెషన్స్ కోర్టులో అప్పీలుకు 30 రోజులే. సర్టిఫైడ్ కాపీకి పట్టిన రోజులు అందులోంచి మినహాయిస్తారు. శిక్ష నిలిపివేత పిటిషన్ కూడా అప్పీలుతోపాటే వేయించండి. కేవలం మీ వాళ్ల అప్పీలు మీద శిక్ష పెంచరు, ఆ భయం వద్దు.

'చూసినవాళ్లు లేరు' అన్న ఒక్క మాట పట్టుకుంటే అప్పీలు నిలవదు. సందర్భ సాక్ష్యంతోనూ, అంటే చూసినవాళ్లు లేకున్నా చుట్టూ ఉన్న పరిస్థితులను బట్టి కూడా, శిక్ష వేయొచ్చు. కాకపోతే ప్రతి అంశం విడిగా రుజువై, అన్నీ గొలుసులా కలిసి, ముద్దాయి తప్ప ఇంకెవరూ చేసి ఉండరన్న చోటికే తీసుకెళ్లాలని శరద్ బిర్దీచంద్ శారదా కేసులో సుప్రీంకోర్టు 1984లో చెప్పింది.

పోయిన సొత్తు కొద్ది రోజుల్లోనే ఒకరి దగ్గర దొరికితే వాళ్లే దొంగ, లేదా తెలిసే దొంగసొత్తు తీసుకున్నారు అని కోర్టు అనుకోవచ్చు. పాత సాక్ష్య చట్టంలో ఇది 114వ సెక్షన్. 'అనుకోవచ్చు' అనే ఉంది, 'అనుకోవాలి' అని లేదు. అదీ మూడు సంగతులు తేలాకే: అవి పోయిన గాజులే, మీ తమ్ముడి ఆధీనంలోనే ఉన్నాయి, చోరీ జరిగిన కొద్ది రోజులకే దొరికాయి. ఇవి తేలకుండా 'వివరణ ఇవ్వలేదు' అనడం రుజువు భారాన్ని తిరగేయడమే. తేలినా, అతని వివరణ నమ్మదగ్గదిగా ఉంటే చాలు, అనుమానాతీతంగా నిరూపించనక్కర్లేదు.

ముగ్గురుండే గదిలో అందరూ వండుకునే డబ్బా ఒక్కడిదే అనడం కష్టం. తాళం ఎవరెవరి దగ్గర ఉందో, మిగతా ఇద్దరినీ విచారించారో లేదో సాక్ష్యాల్లో వెతకండి. బరువు తేడాతో మాత్రమే బయటపడలేరు, నాలుగు తులాలన్నది అంచనా అనేస్తారు. కానీ బిల్లు లేక, గుర్తు లేక, యజమానుల చేత గుర్తింపు చేయించకముందే స్టేషన్లో వాళ్లకు గాజులు చూపించి ఉంటే ఆ ఆరు గ్రాములకు బలం వస్తుంది.

పంచనామాలో వేళలు పక్కపక్కన రాసుకోండి: అరెస్టు, వాంగ్మూలం, స్వాధీనం. గుంటూరు నుంచి, బ్రిటిష్ కాలంలో ఆఖరి అప్పీలు కోర్టయిన ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లిన పులుకూరి కొట్టయ్య కేసు ప్రకారం, కస్టడీలో చెప్పిన మాటలో కొత్తగా బయటపడిన విషయానికి సంబంధించిన ముక్క మాత్రమే చెల్లుతుంది. 'నేనే దొంగిలించాను' అన్నది చెల్లదు. పోలీసులు అంతకుముందే ఆ గది వెతికి ఉంటే అసలు కొత్తగా బయటపడిందేముంది?

చివరిగా, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 313 సెక్షన్ కింద కోర్టు మీ తమ్ముణ్ని అడిగిన ప్రశ్నల కాగితం తెప్పించండి. గాజులు దొరికిన సంగతి అందులో సూటిగా అడగకుండా తీర్పులో వాడుకుంటే, దానివల్ల నష్టపోయామని చూపుతూ అప్పీలులో మొదటి అభ్యంతరంగా రాయించండి.