మేకప్ పెట్టె: వెండి గాంధీ

ప్రశ్న: మా అబ్బాయి ఇంజనీరింగ్ రెండో ఏడు. కాలేజీ ఫెస్ట్‌లో ఒళ్లంతా వెండి రంగు పూసుకుని గాంధీ విగ్రహంలా రెండు గంటలు నిలబడతానంటున్నాడు. బీసెంట్ నగర్ బీచ్‌లో అలాంటి మనిషిని చూశాడట. హార్డ్‌వేర్ షాపు నుంచి సిల్వర్ పెయింటు డబ్బా కూడా తెచ్చేశాడు. నాకేమో టెన్షన్. ఒప్పుకోమంటారా?
– ఒక తల్లి, అడయార్, చెన్నై

జవాబు: వేషానికి ఒప్పుకోండమ్మా, డబ్బాకి వద్దు. షాపువాడు వెనక్కి తీసుకోకపోతే మీ గేటుకి వేయించండి. అది ఇనుము కోసం చేసిన రంగు. వార్నిష్‌లో అల్యూమినియం పొడి, పల్చబడడానికి టర్పెంటైన్. ఒంటికి పూస్తే మంట, దద్దుర్లు. పోగొట్టడానికి మళ్ళీ కిరసనాయిలుతో రుద్దాలి. సిగ్నళ్ల దగ్గర వెండి రంగు పూసుకున్న పిల్లలు చేయి చాస్తే, నా చూపు ముందు వాళ్ల కళ్ల చుట్టూ ఉన్న ఎర్రదనం మీద పడుతుంది. మేకప్‌మాన్ బుద్ధి, ఏం చేస్తాం.

ఉత్త పొడి అయితే ఇంకా ప్రమాదం. 1938లో హాలీవుడ్‌లో రేకు మనిషి వేషం కట్టిన నటుడొకాయన, ముఖానికి అద్దిన అల్యూమినియం పొడి పీల్చి ఆస్పత్రి పాలయ్యాడు. ఆయన బదులు వచ్చిన నటుడికి పొడి మానేసి పేస్టుగా కలిపి పూశారు.

ఇక నిలబడడం సంగతి. అసలు కష్టం అక్కడుంది. నేను కోడంబాక్కం సినిమా స్టూడియోల్లో మేకప్ అసిస్టెంటుగా ఉన్న రోజుల్లో ఒక పౌరాణికం సెట్లో గుడి గోడకి శిల్పాలుగా జూనియర్ ఆర్టిస్టులను నిలబెట్టారు. అందరికీ నేనే రంగు పూశాను. మూడో టేకులో చివరి కుర్రాడు నిలువునా ముందుకి పడ్డాడు. రంగు వాడి ఒంటికి పడలేదేమోనని నాకు గుండె ఆగినంత పనైంది. తీరా చూస్తే వాడు మోకాళ్లు వెనక్కి బిగించి కట్టెలా నిలబడ్డాడు. కంపెనీవాళ్లు సోడా తాగించారు, సాయంత్రం కూలీలో సగం కోశారు. ఆ కోత నాకిప్పటికీ మింగుడుపడదు.

జరిగిందేమిటంటే, కాళ్లలోకి దిగిన రక్తాన్ని పైకి తోసేవి పిక్కలు. అవి కదలకపోతే రక్తం కిందే నిలిచిపోతుంది, తలకి తగ్గుతుంది, కళ్లు తిరుగుతాయి. పెరేడ్‌లో జవాన్లు పడిపోయేదీ అందుకే. కాబట్టి మీవాణ్ణి మోకాళ్లు కాస్త సడలించి నిలబడమనండి. చెప్పుల్లో కాలివేళ్లు నొక్కుతూ వదులుతూ ఉండాలి, పిక్కలు బిగించి వదలాలి. బరువు ఈ కాలి నుంచి ఆ కాలికి మార్చుకోవాలి, చూసేవాడికి తెలియనంత మెల్లగా. గాంధీగారి వేషంలో ఒక సుఖముంది, చేతికర్ర! కొంత బరువు దాని మీద వేయొచ్చు. ఊపిరి ఛాతీతో కాకుండా పొట్టతో తీయాలి. రెప్ప వేయకుండా ఎవరివల్లా కాదు. ఎవరైనా డబ్బు వేసేటప్పుడు జనం కళ్లు డబ్బా వైపు పోతాయి, అప్పుడు వేసేయాలి. అరగంటకోసారి దిగి నాలుగడుగులు నడిచి నీళ్లు తాగాలి. రెండు గంటలు ఏకబిగిన వద్దు, మొండికేస్తే వేషమే మాన్పించండి.

రంగు: ఒంటికి వాడే నీటి రంగే కొనండి. ముందురోజు మోచేతి లోపల చిన్న చుక్క పెట్టి చూడండి. ముఖం, మెడ, చేతులు, పాదాలకి చాలు. మిగతాది బట్టలకి పూయాలి. అంగవస్త్రాన్ని, లోపలి ఫుల్‌హ్యాండ్ బనియన్‌ని ముందే వెండి రంగులో ముంచి ఆరబెడితే ముడతలు శిల్పంలో చెక్కినట్టే బిగుసుకుంటాయి. ఒళ్లంతా రంగు పూస్తే ఊపిరాడదని స్టూడియోల్లో అనేవాళ్లు. మనం ఊపిరి పీల్చేది చర్మంతో కాదు కదా! చిక్కల్లా చెమటతో. చెన్నై ఉక్కలో చెమట మామూలుగానే ఆరదు, దాని మీద రంగు పొర కూడానా? ఫెస్ట్ గనక మే నెల అగ్నినక్షత్రం ఎండల్లో ఉంటే నీడలో నిలబెట్టండి.

తీసేటప్పుడు ముందు కొబ్బరినూనె, తర్వాత సబ్బు. పాత తువ్వాలు ఇవ్వండి, ఆ మెరుపు దాన్ని ఇక వదలదు.

ప్రశ్న: టీ నగర్‌లో ఒకాయన కర్ర పట్టుకుని గాల్లో కూర్చున్నాడు. ఏమిటా కిటుకు?
– ఒక పాఠకుడు, వెలచ్చేరి

జవాబు: కర్ర కర్ర కాదు, ఇనుపకడ్డీ. కింద తివాచీ మడతలో బరువైన ఇనుప పలక ఉంటుంది, కర్ర దానికి బిగించి ఉంటుంది. పైన అది చొక్కా చేతిలోంచి దూరి పిరుదుల కిందికి సీటులా వెళ్తుంది. అందుకే ఆ బట్టలు అంత వదులు. చొక్కా ఎత్తి చూడాలని మాత్రం పోకండి. ఆ మనిషి పొద్దుటి నుంచీ ఆ కడ్డీ మీదే కూర్చున్నాడు.

ప్రశ్న: విగ్రహాల్లా కదలకుండా నిలబడేవాళ్లని నవ్వించడానికి ప్రయత్నిస్తే తప్పా?
– ఒక విద్యార్థిని, పెరంబూర్

జవాబు: ఈస్ట్ కోస్ట్ రోడ్డులో వీజీపీ వినోదాల పార్కు ద్వారం దగ్గర రాజుగారి కాపలావాడిలా మీసాలతో నిలబడే విగ్రహ మనిషి ఉండేవాడు. ఆయన్ని నవ్విస్తే బహుమతి అన్నారు, అక్కడ అది ఆటలో భాగం. మా పిల్లలూ కోతి చేష్టలన్నీ చేశారు, ఆయన మీసం కూడా కదల్లేదు. రోడ్డు మీద నిలబడేవాళ్లతో అయితే మాటలతో, మొహంతో ఎంతైనా వెక్కిరించు తల్లీ. గిల్లడం, చక్కిలిగిలి పెట్టడం వద్దు. సెల్ఫీ తీసుకుంటే పదో ఇరవయ్యో డబ్బాలో వెయ్యి. అప్పుడు చూడు, నీకు మాత్రమే కనబడేలా కన్ను కొడతాడు.