రికార్డు కార్డులకు ఎలాంటి ట్రే?

ప్రశ్న: గాజువాకలో మాది స్పేర్ పార్టుల ఆఫీసు. 3 వేల రికార్డు కార్డులున్నాయి. అట్టపెట్టెలు వానాకాలంలో అడుగు ఊడిపోతున్నాయి, ఇనుప ట్రేలకు తుప్పు. ఏం చేయించమంటారు?
– ఒక పాఠకుడు

జవాబు: ఇనుము వద్దండీ. మన విశాఖ ఉప్పుగాలికి పెయింటు లేచిన చోటల్లా తుప్పు పట్టి, ఆ మరక కార్డులకు అంటుకుంటుంది. నేను రికార్డు రూములో ఏళ్ల తరబడి పనిచేశాను. అక్కడ నిలబడ్డవి టేకు ట్రేలే.

మీ కార్డు 7.5 × 12.5 సెంటీమీటర్లదైతే లోపలి వెడల్పు 13 ఉంచండి. పొడవు 40 చాలు, అంతకు మించితే నిండిన ట్రేని మోయడం కష్టం. అడుగు చెక్కను కింద నుంచి మేకులతో కొట్టనివ్వకండి. బరువంతా మేకుల మీద పడి ఊడేది అక్కడే. పక్క చెక్కల్లో గాడి తీసి అందులోకి దూర్చమనండి. వడ్రంగి బద్ధకిస్తాడు, మీరు పట్టుబట్టండి.

కార్డుల కింది అంచున రంధ్రం చేయించి ఇత్తడి చువ్వ గుచ్చండి. చువ్వ లేని ట్రే ఒకసారి నా చేయి జారింది. కార్డులు మళ్లీ వరసలో పెట్టడానికి రెండు రోజులు పట్టింది.

వంద కార్డులు సుమారు రెండున్నర సెంటీమీటర్లు వస్తాయి. మీకు మూడు ట్రేలు చేయించండి. వేళ్లు దూరే జాగా మిగులుతుంది, కార్డుల మూలలు నలగవు.