కోడలు వెనక్కి జరిగితే గిట్టనట్టేనా?

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. కొడుకూ కోడలూ మాతోనే ఉంటారు. నాకు ఆడపిల్లలు లేరు. కోడలు నా ఒళ్ళో తల పెట్టుకుని పడుకునేంత చనువుగా ఉండేది. ఇప్పుడు తనకి ఎనిమిదో నెల. వంటింట్లో వెనక నుంచి వెళ్తే ఉలిక్కిపడుతోంది. బిడ్డ కదలిక చూద్దామని పొట్ట మీద చెయ్యి వేయబోతే వెనక్కి జరుగుతోంది. మాటల్లో మార్పు లేదు, ఏం తినాలనిపించినా ఇప్పటికీ నన్నే అడుగుతుంది. మొన్న మా తోటికోడలు చూసి, ‘నీ కోడలికి నువ్వంటే గిట్టదేమో’ అంది. తొమ్మిదో నెల రాగానే సీమంతం, తర్వాత పురిటికి విజయవాడ పుట్టింటికి వెళ్తుంది. నేనేమైనా తప్పు చేశానా?

జవాబు: అమ్మా, మీ తోటికోడలి మాట పక్కన పెట్టండి. గిట్టనివాళ్ళని ఎవరూ నోరారా అడిగి వండించుకోరు. మనసు విరిగితే ముందు మాటలు తగ్గుతాయి. మీ ఇంట్లో అవి తగ్గలేదు.

మన ఒంటి చుట్టూ ఉన్న కాస్త జాగాని మెదడు ప్రత్యేకంగా కాపలా కాస్తుంది. ఇటలీలోని పార్మాలో మెదడు శాస్త్రవేత్త రిజోలాటి బృందం 1981లో కోతుల మెదడులో ఇలా కాపలా కాసే కణాల గురించి రాసింది. చర్మాన్ని తాకినా, తాకకుండా ఏదైనా దగ్గరికొచ్చినా అవి స్పందిస్తాయి. నిండు బిందె ఎత్తుకుని జనంలో నడిచే మనిషి ఎవరూ తగలకుండా ఎలా ఒదుగుతుందో మీకు తెలుసు కదా, ఆ ఒదగడం ఆలోచించి చేసేది కాదు.

కడుపుతో ఉన్నప్పుడు ఈ జాగా మారుతుంది. ఇంగ్లండ్ పరిశోధకులు 2019లో ప్రచురించిన ఒక అధ్యయనంలో గర్భిణుల పొట్ట మీద చిన్న స్పర్శ కలిగిస్తూ, దగ్గరికొస్తున్నట్టుండే శబ్దం వినిపించి చూశారు. ఐదో నెల ప్రాంతంలో తేడా లేదు. ఎనిమిదో నెలలో మాత్రం ఆ కాపలా జాగా పెద్దదైంది. ప్రసవమైన రెండు నెలలకు చూస్తే మామూలుగానే ఉంది. మీ కోడలు సరిగ్గా ఆ ఎనిమిదో నెలలోనే ఉంది.

ఈ మార్పు పెరిగిన పొట్ట వల్ల వచ్చిందా, హార్మోన్ల వల్ల వచ్చిందా అన్నది ఆ అధ్యయనం తేల్చలేదు. ఈ నెలల్లో ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్, కార్టిసాల్ మూడూ బాగా పెరిగి ఉంటాయన్నది మాత్రం నిజం. హార్మోన్లు మనుషుల మధ్య దూరాన్ని మార్చగలవు కూడా. 2012లో జర్మనీలో మగవాళ్ళకి ఆక్సిటోసిన్ ముక్కులో స్ప్రే చేశారు. అప్పటికే తోడు ఉన్నవాళ్ళు అందమైన పరాయి స్త్రీకి 10, 15 సెంటీమీటర్లు ఎక్కువ దూరంలో నిలబడ్డారు. తోడు లేనివాళ్ళలో ఆ తేడా రాలేదు. ప్రేమ హార్మోన్ అని పేరుపడ్డదే దూరం పెంచింది చూశారా! అందుకే వెనక్కి వేసిన అడుగుని బట్టి మీ మీద ప్రేమని కొలవకండి.

అలాగని ‘ఇదంతా హార్మోన్లమ్మా’ అని తనతో అనకండి. తన ఇబ్బందిని కొట్టిపారేసినట్టుంటుంది. వంటింట్లోకి వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గరే పిలవండి, ఎదురుగా వెళ్ళండి. పొట్ట మీద చెయ్యి వేయాలనిపిస్తే అడగండి. ఇవాళ వద్దంటే సరేననండి. అడిగేవాళ్ళ దగ్గర బెదురు తగ్గుతుంది. కదలిక తెలిసినప్పుడు తనే మీ చెయ్యి పట్టుకుని పెట్టుకోవచ్చు.

సీమంతం నాడే అసలు టెన్షన్. గాజులు తొడిగేవాళ్ళు, గంధం రాసేవాళ్ళు ఒకేసారి మీద పడతారు. కుర్చీకి రెండు పక్కలా చోటు వదిలించి, ఒక్కొక్కరినే పంపే పని మీరే తీసుకోండి. ఎవరైనా పొట్ట తడమబోతే, ‘అక్షింతలు వేసి దీవించండి చాలు’ అని మీరే అడ్డు చెప్పండి. అత్తగారే తన తరఫున నిలబడితే ఆ పిల్లకి ఎంత ధైర్యమో! ముందు రోజు, ‘ఎవరు దగ్గరికొస్తే ఇబ్బందిగా ఉంది?’ అని ఒక్కసారి అడగండి, మీరేనని చెప్పినా నొచ్చుకోకుండా వినండి.

ఉలికిపాటుతో పాటు ఏడుపు, నిద్ర లేకపోవడం, ఏ పని మీదా మనసు పోకపోవడం రెండు వారాలు దాటినా తగ్గకపోతే అది వేరే సంగతి. చూపించుకునే డాక్టరుకి తప్పక చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌కి (14416) ఫోన్ చేసి ఉచితంగా మాట్లాడొచ్చు. విజయవాడలో వియ్యపురాలికి కూడా ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి.